పట్టి చూచునపుడు కనబడని దోషము
(మహర్నవమి నాడు ఆలయ ప్రాంగణమున ఆయుధపూజకు ముందు చేసిన ప్రసంగ పాఠము)



నేడు మహర్నవమి. కమ్మరి సుత్తి మొదలు దర్జీ కత్తెర వరకు, మనకు అన్నము పెట్టు ప్రతి పనిముట్టును కడిగి, పసుపు కుంకుమలు దిద్ది, దేవీ స్వరూపముగా అర్చించు దినము. ఈ ఉదయము మన ప్రాంగణములో ఆటోలు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు బారులు తీరియున్నవి. ఆ వరుసలో మొదటిది మన ధర్మసంస్థ వారి డీజిలు వ్యాను. ఏటేట ఈ వేళ మహిషాసుర వధా ఘట్టమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట మన ఆచారము. ఈ ఏడు మాత్రము మీ అనుమతితో ఆ వ్యానును గూర్చియే చెప్పదలచినాము. ఏలయన, దాని విషయమున మేము ఒక మనిషికి అపకారము చేసితిమి. అది పదిమందిలో చెప్పుకొనవలసిన మాట.

ఆ వ్యాను చేయు సేవ మీకు తెలియనిది కాదు. పగలు అన్నదానపు గిన్నెలను మోయును. రాత్రివేళ లంక గ్రామములలో ఎవరికైన ప్రాణము మీదికి వచ్చినచో ఆసుపత్రికి చేర్చును. గత సంవత్సరము శ్రావణ మాసమున దానికి ఒక వింత జబ్బు పట్టుకొన్నది. తాళము త్రిప్పినంతనే లోపల ఎక్కడో ‘టక్’ మని ఒక్క చప్పుడు. అంతే. ఇంజను కదలదు. అరగంట గడచిన పిమ్మట అదే తాళము, అదే చేయి; బండి ఏమియు ఎరుగనట్లు బయలుదేరును. ఎల్లప్పుడును ఇట్లు జరిగినచో బాగు చేయుట సులభము. పది దినములు చక్కగా నడచి పదునొకండవ దినమున మొరాయించుటయే అసలు చిక్కు.

మెకానికును పిలిపించితిమి. ఆయన పదిమార్లు తాళము త్రిప్పిన పదిమార్లును బండి పలికినది. “బండి బంగారంలా ఉందండి, అయ్యగారూ. ఏం చూడమంటారు?” అని ఆయన అడిగెను. చూపుటకు మా వద్ద ఏమియు లేదు. పంటినొప్పితో వైద్యుని గడప త్రొక్కగానే నొప్పి మాయమైన వాని స్థితి మాది.

ఏమియు చేయకుండ కూర్చుండుట కన్న ఏదో ఒకటి చేయుట మేలని తోచి క్రొత్త బ్యాటరీ వేయించితిమి. 17 దినములు బండి పరుగులు తీసినది. బ్యాటరీయే దోషమని అందరమును నమ్మితిమి. 18వ నాడు మరల ‘టక్’. సెల్ఫు మోటారు మార్పించితిమి. కార్తిక మాసమంతయు బాగుగా గడచినది. మార్గశిరమున మరల అదే కథ. దృష్టి తగిలినదని ఒకరు చెప్పగా గుమ్మడికాయ కొట్టించితిమి. దానిని తప్పనుట లేదు. నేడు కూడ కొట్టుచునే యున్నాము గదా! కాని గుమ్మడికాయ కొట్టితిమి గనుక ఇక బండి క్రింద వంగి చూడనక్కరలేదని అనుకొన్నచో, అది భక్తి కాదు, బద్ధకము.

ఇక అసలు విషయము. బండి ఎప్పుడు ఆగినను ఆసుపత్రి ముంగిటనో, దూరపు ఊరి పొలిమేరలోనో ఆగుచుండెను. ఆలయ ప్రాంగణములో ఒక్కనాడును ఆగలేదు. మాలో ఒకరికి సందేహము కలిగినది: “మన కన్నుల ఎదుట ఆగని బండి, అతని చేతిలో ఒంటరిగా ఉన్నప్పుడే ఏల ఆగవలె?” విశ్రాంతి కొఱకో, మాటామంతీ కొఱకో చోదకుడే ఈ నాటకమాడుచున్నాడని తేల్చుకొంటిమి. అతనిని పిలిచి, మరియొక మారు ఇట్లు జరిగినచో వేరొకరిని చూచుకొందుమని చెప్పితిమి. అంతటితో ఊరుకొనక, డీజిలు పొదుపు కొఱకు బండి ఎక్కడ నిలిచినను ఇంజను ఆపివేయవలసినదని ఆజ్ఞ కూడ ఇచ్చితిమి.

అతడు తల వంచుకొని, “చిత్తమండి. తాళం తిప్పేది నేనే గానీ, మానేసేది నేను కాదండి,” అని మాత్రము పలికెను.

అటు పిమ్మట రెండు నెలలకు, మాఘ మాసమున ఒక రాత్రి లంక గ్రామము నుండి నెలలు నిండిన తల్లి నొకతెను ఎక్కించుకొని అతడు బయలుదేరినాడు. దారిలో ఆరోగ్య కేంద్రము వద్ద నర్సమ్మ పరీక్షించి, కష్ట కాన్పు, వెంటనే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకొని పొమ్మన్నది. పరీక్షకు పట్టినది పావుగంట. మా ఆజ్ఞ ప్రకారము అతడు ఇంజను ఆపియుంచెను. తాళము త్రిప్పగా ‘టక్’. చీకటిలో, బురదలో, ఆ తల్లి బంధువులు బండిని త్రోసి స్టార్టు చేయుటకు 25 నిమిషములు పట్టినది. తల్లియు బిడ్డయు క్షేమముగా ఉన్నారు, భగవదనుగ్రహము. కాని ఆ 25 నిమిషములు మా పొదుపు వలన కలిగినవని తెలిసినప్పుడు మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఆ చోదకుడు ఒక నోటు పుస్తకము తెచ్చి మా ముందుంచెను. కూతురు బడిలో వ్రాసి మిగిల్చిన కాగితములవి. మేము మందలించిన దినము నుండి అతడు అందులో పెన్సిలుతో గీతలు గీసి వ్రాయుచున్నాడు: తేది, వేళ, అంతకు ముందు ఎంతసేపు నడచినది, ఆపి ఎంతసేపైనది, వానయా ఎండయా, ఏ దారి, ఏమి చప్పుడు, తాళము త్రిప్పునపుడు దీపము తగ్గినదా లేదా. బండి పలుకని దినములనే గాక, పలికిన దినములను గూడ వ్రాసినాడు. ఆ పుస్తకము విలువ అంతయు ఈ రెండవ దానిలోనే ఉన్నది. ఏల అందురా?

మన ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున తర్కసంగ్రహము రచించినాడు. బాలురు సులభముగా తర్కము నేర్చుటకై వ్రాసిన చిన్న గ్రంథము. కొండ మీద పొగ కనబడినది, కావున అక్కడ నిప్పున్నదని ఊహించుట ఎట్లో అందు బోధింపబడినది. వంటయింటిలో పొగయున్నచోట నిప్పు కనబడును, ఇది అన్వయము. చెరువులో నిప్పు లేదు, పొగయును లేదు; ఇది వ్యతిరేకము. ఉన్నచోటును చూడవలెను, లేనిచోటును చూడవలెను. మేము బండి ఆగిన దినములనే తలచుకొని చోదకుని దోషిగా నిలిపితిమి. ఆగని దినములను లెక్కించినవాడు అతడొక్కడే.

ఆ పుస్తకములో సుమారు 200 మారులు తాళము త్రిప్పిన లెక్క కలదు. ఆగినది 9 మారులు. ఆ తొమ్మిదింటను బండి గంటకు పైగా నడచి, వేడిమీద ఉండి, ఆపిన 10 నుండి 40 నిమిషముల లోపున మరల త్రిప్పినప్పుడే ఆగినది. ఉదయమున చల్లని ఇంజనుతో ఒక్కమారైనను ఆగలేదు. ఆలయములో బండి ఎల్లప్పుడు చల్లబడియే యుండును. మెకానికు షెడ్డులో వరుస వచ్చువరకు నిలిచి అక్కడను చల్లబడును. మేము ‘మన కన్నుల ఎదుట ఆగదు’ అన్న మాట నిజమే. కాని దానికి కారణము మా కన్నులు కావు, చల్లదనము!

అయినను అంతటితో తేలలేదు. వేడిమీద త్రిప్పిన దినములు 50కి పైగా ఉండగా ఆగినది 9 మారులే. నిప్పున్నంత మాత్రమున పొగ రాదు, తడికట్టె తోడు కావలెనని తర్కశాస్త్రము చెప్పును. దానిని ఉపాధి యందురు. మరి ఇక్కడ తడికట్టె ఏది? దారి అను గడిలో తొమ్మిదింటికి తొమ్మిదియు ‘కరకట్ట’ అనియే ఉన్నది. గోతుల దారి. వేడిమియు కుదుపును కలిసినప్పుడే దోషము పైకి వచ్చుచున్నది. ఈ రెండును కలిసి కదల్చగలిగినది ఎక్కడో పట్టు సడలిన అతుకే కావలెను.

మరి రెండు గడులు అతుకు ఏ దిక్కుననున్నదో చెప్పినవి. ‘ఒక టక్. దీపం తగ్గలేదు.’ చోదక సోదరులు దీనిని కొంచెము శ్రద్ధగా వినుడు. స్టార్టు కాలేదను ఒక్క మాట క్రింద వేర్వేరు జబ్బులుండును. తాళము త్రిప్పగా ఇంజను గిరగిర తిరుగుచు అంటుకొనకున్నచో బ్యాటరీని నిందింపకుడు. ఇంధనమునో, పెట్రోలు బండి యైనచో నిప్పురవ్వనో వెదకుడు. డీజిలు గొట్టములో గాలి చేరినను ఇట్లే జరుగును. నేటి కార్లలో ఇంజను తిరుగుడును కనిపెట్టు సెన్సరు వేడికి మూగపోయి చల్లబడగానే మరల పలుకుటయు కలదు. తాళపుచెవి లోని చిప్పును బండి గుర్తింపకున్నచో తాళపు బొమ్మ దీపము మినుకుమినుకుమని చెప్పును. దానిని చూడక ఇంజను విప్పువారిని ఎరుగుదుము.

ఇంజను అసలే తిరుగనిచో, హెడ్‌లైటు వేసి తాళము త్రిప్పుడు. దీపము ఆరిపోవునంతగా మందగించి, ‘టకటకటక’ మని వరుస చప్పుళ్లు వచ్చినచో బ్యాటరీ నీరసించినదో, దాని కొనల అతుకు చెడినదో అయియుండును. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఊరకున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు దిగినచో చాలవరకు ఖాళీ అయినట్లే. దీపము తగ్గక, చప్పుడే రాకున్నచో తాళపు స్విచ్చి నుండి సెల్ఫుకు ఆజ్ఞ అందుట లేదు. దీపము తగ్గక, ఒక్క ‘టక్’ మాత్రము వచ్చినచో, ఆజ్ఞ అందినది గాని బలము అందుట లేదు. అనగా బ్యాటరీలో శక్తియున్నను సెల్ఫు మోటారు వరకు అది ప్రవహించుటకు దారి లేదు. మన వ్యానుది ఇదియే. సెల్ఫు క్రొత్తది. మిగిలినవి దానికి పోవు తీగెయు, మరలి వచ్చు తీగెయు.

ఇంకొక మాట ఆ పుస్తకపు అంచున వ్రాసియున్నది: ‘యాక్సిలరేటరు కేబులు వేడి, కాలిన వాసన.’ మేము దానిని చూచి కూడ దాటిపోయితిమి. మెకానికు చూడగానే లేచి నిలుచుండెను. “అయ్యగారూ, ఇది ముందే చెప్పుంటే బ్యాటరీ మార్పించేవాణ్ణి కాదండి!” అనెను.

మన ఆయుర్వేదమున రోగము నెఱుగుటకు నిదాన పంచకము చెప్పబడినది: నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. దినము విడిచి దినము వచ్చు జ్వరములను విషమ జ్వరములన్నారు. జ్వరము లేని దినమున నాడి పట్టి ఏమియు లేదనువాడు వైద్యుడు కాడు. లక్షణములు మరుగుపడిన రోగమును ఉపశయముతో, అనగా దేనిచే నెమ్మదించునో, దేనిచే హెచ్చునో పరీక్షించి తెలిసికొనవలెనని చరకుడు విధించెను. బండికి సరిగా ఇదియే చికిత్స. బండిని మెకానికు వద్దకు కాక, మెకానికును బండితో పంపితిమి. కరకట్ట మీద పోయి రావలెను, వేడిమీద ఆపవలెను, ఆగినప్పుడు అక్కడికక్కడే చూడవలెను. మొదటి దినము ఆగలేదు. పాపము, ఆయన ఊరక తిరిగి వచ్చెను. రెండవ దినము మేమును వెంట పోతిమి. ఏటి గట్టున టీ దుకాణము వద్ద 20 నిమిషములు ఆపి తాళము త్రిప్పగా, ‘టక్.’ ఆ చప్పుడు విని అంత సంతోషించినవారము మునుపెన్నడును లేము!

మెకానికు గేరు న్యూట్రలులో ఉంచి, చేతి బ్రేకు లాగించి, మీటరు తీసెను. తాళము త్రిప్పి పట్టుకొనగా బ్యాటరీ రెండు కొనల నడుమ 12 వోల్టులు నిలకడగా ఉన్నవి. పిదప మీటరు ఒక కొనను బ్యాటరీ ఋణధ్రువముపై, రెండవ కొనను ఇంజను ఇనుముపై ఆనించెను. ఈ రెండును ఒకే తీగెతో కలిసియున్నవి గనుక, త్రిప్పునపుడు తేడా అర వోల్టుకు మించరాదు. రెండు మూడు పదవ వంతులలో ఉండుట మేలు. మీటరు 6 వోల్టులకు పైగా చూపినది. సగము బలము ఆ ఒక్క తీగెలోనే ఆవిరియగుచున్నది. ఆయన జంపరు కేబులు తీసి బ్యాటరీ ఋణధ్రువమును ఇంజను ఇనుముతో నేరుగా కలిపెను. ఇంజను వెంటనే తిరిగినది. కేబులు తీసి, మరల తాళము త్రిప్పగా ‘టక్’. పెట్టిన తిరిగినది. తీసిన తిరుగలేదు. మూడు మార్లు ఇట్లే చేసి చూపెను. అన్వయము, వ్యతిరేకము, ఉపశయము, అన్నియు ఏటి గట్టున ఒక్కచోట కనబడినవి.

దీని కారణము చెప్పవలెను. ఇంజను రబ్బరు దిండ్లపై కూర్చుండును గనుక వాహన శరీరముతో దానికి లోహ సంబంధము తక్కువ. సెల్ఫు మోటారు గుండ ప్రవహించిన విద్యుత్తు బ్యాటరీకి మరలి పోవుటకు ఇంజను నుండి ఒక లావుపాటి అల్లిక తీగె ఉండును. ఎర్తు తీగె యందురు. మన వ్యానులో దాని కొన సెల్ఫు మోటారును బిగించు బోల్టు క్రిందనే ఉన్నది. విప్పి చూడగా పచ్చని చిలుము. ఉప్పుగాలి తగులు మన ప్రాంతమున ఇది సహజము. చెవి వంటి ఆ బిళ్లలోపల అల్లిక పోగులు చాలవరకు తెగిపోయి, కొన్ని మాత్రము అంటియున్నవి. చల్లగా, కదలక ఉన్నప్పుడు అవి ఒకదానికొకటి ఆనుకొనును. వేడికి వ్యాకోచించి, కుదుపుకు జరిగినప్పుడు విడిపోవును. దారి మూసికొన్న విద్యుత్తు సన్నని యాక్సిలరేటరు కేబులు గుండ పోజూచి, దానిని కాల్చుచుండెను. ఆ వాసనయే పూర్వరూపము. హెడ్‌లైట్లకు వేరొక ఎర్తు తీగె ఉన్నది గనుక వాటి వెలుగు తగ్గలేదు.

అంత చిన్న అతుకు అంత పని చేయునా అని మీకు తోచవచ్చును. డీజిలు ఇంజను సెల్ఫు 200 ఆంపియర్లకు పైగా విద్యుత్తు కోరును. దారిలో ఓములో నూరవ వంతు అడ్డు చేరినను 2 వోల్టులు పోవును. దీపము వెలిగించుటకు ఆ అతుకు చాలును. ఇంజను త్రిప్పుటకు చాలదు. వట్టి టెస్టరు దీపముతో పరీక్షించి తీగె బాగున్నదనుకొనుట ఇందువలననే జరుగును. బలము ప్రవహించునపుడే దారిని కొలువవలెను.

మరి క్రొత్త బ్యాటరీ వేసిన 17 దినములు ఏల నడచినది? బ్యాటరీ మార్చునపుడు ఆ తీగెను అటునిటు కదల్చి బిగించిరి. సెల్ఫు మార్చునపుడు ఆ బోల్టునే విప్పి బిగించిరి. పోగులు కొంతకాలము సర్దుకొన్నవి. కాకి వాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కమారు జరిగినట్లు, మార్చిన వస్తువు ఒకటి, కుదురుకొన్నది మరియొకటి. మార్చగానే బాగుపడినది గనుక మార్చినదే దోషమని నమ్మితిమి. క్రొత్త ఎర్తు తీగెకైన వ్యయము మేము వృథా చేసిన దానిలో ఇరువదవ వంతు కూడ లేదు. బిగించిన పిమ్మట అదే వేడిమీద, అదే కరకట్ట మీద కొలువగా మీటరు 0.2 చూపినది.

ఇంటి వద్ద ఈ పని చేయదలచు సోదరులకు రెండు హెచ్చరికలు. బ్యాటరీ తీగెలు విప్పునపుడు ఋణధ్రువపు తీగెను మొదట విప్పుడు, బిగించునపుడు దానిని చివర బిగించుడు. ఉంగరము, చేతి కడియము తీసి పెట్టుడు. పాన అడ్డుపడినచో చర్మము కాలును. బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడును గనుక బీడీ నిప్పు దగ్గరకు రానీయకుడు. మరియొక బండి బ్యాటరీ నుండి జంపరు కేబులుతో బలము తెచ్చుకొనునపుడు చివరి కొనను మీ బ్యాటరీకి తగిలింపక, దూరముగా ఇంజను ఇనుమునకు తగిలింపుడు.

ధర్మకర్తల మండలి తరువాతి సమావేశమున ఆ చోదకుని పిలిచి, మేము పలికిన మాటలు వెనుకకు తీసికొనుచున్నామని, అవి అన్యాయములని అతని ఎదుటనే తీర్మాన పుస్తకములో వ్రాయించితిమి. రోగి బండిలో ఉండగా ఇంజను ఆపవలెనో వద్దో నిర్ణయించు అధికారము అతనిదేనని కూడ వ్రాసితిమి. అతడు విని, “ఆ పుస్తకం మా అమ్మాయిదండి, ఇప్పించండి. వెనకాల లెక్కలున్నాయంట,” అనెను. పుస్తకము తిరిగి ఇచ్చి, సంస్థ పక్షమున క్రొత్తది కొని, పెన్సిలు కట్టి వ్యానులో ఉంచితిమి. ఆ పెన్సిలు ఇప్పటికి రెండు మార్లు పోయినది.

అర్చక స్వాములు సిద్ధముగా ఉన్నారు. వాహనముల ఇంజనులు ఆపి, తాళములు చోదకుల చేతనే ఉంచుకొని, వరుసగా ముందుకు రావలసినది. మొదటి హారతి వ్యానునకు.